కోరి చేయించుకొన్న కాఫీ

విజయవాడ ఆటోనగరునకు క్రొత్త లారీ వచ్చునపుడు ఇంజను, చట్రము, చక్రములు తప్ప దానికి వేరొక రూపముండదు. యజమాని షెడ్డులో మేస్త్రీ యెదుట కూర్చుండును. ఎత్తవలసినది డెల్టా ధాన్యమా, నూజివీడు మామిడియా, కైకలూరు చేపలా? తొట్టి యెత్తు ఎంత? డ్రైవరు నడుము వాల్చుటకు బల్ల యెచ్చట? వెనుక పలకపై ఏ రంగు, ఎవరి పేరు? ఇవన్నియు తేలిన పిమ్మటనే రంపము కదలును. అడిగినవాని అవసరమును బట్టి ఇనుమును, కలపను మలచుటయే ఈ పేటకు జీవనము. కావున “నాకు కావలసినట్లు చేసి యిమ్ము” అను మాట ఇచ్చట ఎవ్వరికిని తప్పుగా తోపదు.

అదే మాటను ఒక యువకుడు నగరమున నిప్పుడు వెలసిన స్పెషాలిటీ కాఫీ దుకాణమున పలికినచో పెద్దలకు ఏవగింపు కలుగుచున్నది. “అరకు గింజ, వేపుడు తక్కువ, ఓట్సు పాలు, బెల్లపు పాకము అర చెంచా, మంచు కొద్దిగా, నురుగు వలదు” అని అతడు చెప్పుచుండగా ప్రక్కనున్న తండ్రి తల దించుకొనును. ఇంట తల్లి యిచ్చిన గ్లాసును మారుమాటాడక త్రాగినవానికి ఇచ్చట ఇన్ని నియమములా యని ఆయన బాధ. ఈ బాధ పూర్తిగా అన్యాయమైనది కాదు. కాని అది దేనిపై కలిగినది? రుచి కోరుటపైననా, కోరిన తీరుపైననా? రెంటిని కలిపివేయుటచేతనే పెద్దల మాట పిల్లల చెవికెక్కుట లేదు.

మొదట రుచి సంగతి. 1974లో అమెరికాలో ఎర్నా క్నుట్సెన్ అను కాఫీ వర్తకురాలు ఒక వాణిజ్య పత్రికలో ‘స్పెషాలిటీ కాఫీ’ అను మాటను వాడినది. ఒక్కొక్క ప్రాంతపు నేల, ఎత్తు, వాతావరణము గింజకు ఒక్కొక్క రుచి నిచ్చునని ఆమె భావము. నేడు నిపుణులు రుచి చూచి 100కు 80 గుణములు, ఆపైని వేసిన కాఫీకే ఆ పేరు చెల్లుచున్నది. అరకు, పాడేరు కొండలపై గిరిజన కుటుంబములు సిల్వరు ఓకు చెట్ల నీడలో, ఆ చెట్లకే మిరియపు తీగ ప్రాకించి, ఈ మొక్కను పెంచుచున్నవి. పండినదానిని పండినట్లు చేతితో ఏరవలెను; ఒకే కొమ్మకు పచ్చికాయ, ఎర్రపండు కలిసి యుండును. ఆ గింజ పేరనే 2017లో పారిసులో దుకాణము తెరచిరి; 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఏ గింజయైనను ఒకటే, చిక్కరీ కలిపిన చాలునని అందరును అనుకొన్నచో ఎర్రపండు నేరినవాని ఓపికకు వెల కట్టువాడెవ్వడు? రుచి యెరిగి అడుగువాడు ఉండుట ఆ కొండవానికి మేలే.

ఇంకొక సంగతి కలదు. ఇది కాఫీ కన్న చేదైనది. తెలుగునాట ఎన్నో గ్రామములలో కాఫీ హోటళ్లు, టీ బడ్డీలు రెండు గ్లాసుల పద్ధతిని పాటించినవి. దళితుని గ్లాసు వేరు. అది చూరున దోపి యుండెడిది. అతడే తీసికొని, బయట కూర్చుండి త్రాగి, తానే కడిగి మరల నచ్చటనే పెట్టవలెను. 1950 నుండి అమలునకు వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసినది. 15వ అధికరణము హోటళ్లలో, దుకాణములలో ప్రవేశమునకు కులము అడ్డు రాదన్నది. 1955లో శిక్షా చట్టము వచ్చినది; 1976లో దానిని సవరించి పౌర హక్కుల రక్షణ చట్టమని పేరిడిరి. ఇన్ని చట్టములు వచ్చిన పిమ్మటను ఆ గ్లాసు చూరు దిగుటకు చాల కాలము పట్టినది. పోసినది త్రాగుటయే గాని, చక్కెర చాలలేదని చెప్పు నోరు ఆ మనుష్యునికి లేకుండెను. నేడు అతని మనుమడు గాజు బల్ల యెదుట నిలిచి నురుగు వలదనుచున్నాడేమో! దానిని డాంబికమనుటకు ముందు ఎవరైనను ఒక్క క్షణము ఆగవలెను. చాకలి మాచయ్యను, పడవ నడుపు చౌడయ్యను శరణులుగా మన్నించిన సంప్రదాయమునకు చెందినవారైతే మరికొంతసేపు ఆగవలెను.

అయినచో తప్పు ఎచ్చట నున్నది? ఆయ్దక్కి మారయ్య కథను కొందరు ఇచ్చట ఎత్తి చూపుదురు. రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుట ఆయన కాయకము. ఒకనాడు అలవాటునకు మించి తెచ్చినపుడు భార్య లక్కమ్మ మెచ్చక, మించినదానిని తిరిగి పోసి రమ్మని పంపినది. కాఫీయే మించినది, అందులో ఓట్సు పాలు మరియు మించినవి యని వారి వాదము. కాని లక్కమ్మ తూచినది రుచిని కాదు. ఇతరుల వంతు తన యింటికి వచ్చెనేమో యని తూచినది. ఆ తూనికను దుకాణమునకు తెచ్చినచో నిలదీయవలసినది గిన్నెలోని పాకమును కాదు, పారబోసిన గిన్నెను.

ఆటోనగరులో ఒక కట్టుబాటు కలదు. పలకలు బిగించిన పిదప తొట్టి యెత్తు తగ్గింపుమనిన యజమాని ఆ కలప వెలయు, ఆ దినపు కూలియు తానే భరించును. మేస్త్రీ పొరపడినచో నష్టము మేస్త్రీది. కాఫీ దుకాణమున ఈ విభజన చెరగిపోయినది. చెప్పినట్లే చేసినను “ఇది కాదు, వేరొకటి” యనిన చాలు, వెండి పాత్రవలె మెరయు ఆ యంత్రము వెనుక ఉదయము నుండి నిలిచియున్న కుర్రవాడు చిరునవ్వు మాననీయక మొదటిదానిని తొట్టిలో కుమ్మరించి రెండవది చేయును. దాని వెల ఎవ్వరి బిల్లులోను వేరుగా కనబడదు. అందరి బిల్లులోను కలిసి యుండును. చేసినవాడు తప్పినచో మరల అడుగుట న్యాయమే. అడిగినవాని మనస్సు మారినచో రెండవదానికి వెల యిచ్చుట న్యాయము. మొదటిదానినే త్రాగివేయుట ఇంకను న్యాయము.

కొన్ని దుకాణములలో అడిగినవాని పేరు గిన్నెపై వ్రాయుదురు. చేసినవాని పేరు అడుగువాడు అరుదు. లారీ పలకపై బొమ్మ వేసిన చిత్రకారుడు మాత్రము మూలన తన పేరు వ్రాసికొనును. యజమాని దానిని చెరుపడు.

ఆటోనగరు సందులలో తీగల బుట్టలో గ్లాసులు పెట్టుకొని షెడ్డు షెడ్డునకు టీ, కాఫీ మోయు కుర్రవాడికి ఏ యంత్రమును లేదు, ధరల పలకయు లేదు. అయినను, మధుమేహము వచ్చిన వెల్డరుకు చక్కెర లేనిది, లేతుపై పనిచేయు వృద్ధునికి పాలు తక్కువది, క్రొత్తగా చేరిన పిల్లవానికి తీపి ఎక్కువది, ఎవరును నోరు విప్పకమునుపే చేతికందించును. వెల్డరు ముసుగు పైకెత్తి, అతనిని పేరుపెట్టి పిలిచి, గ్లాసు అందుకొనును.