అడవి మృగముల భాగము

మూలవాక్యము: నిర్గమకాండము 23:10, 11



దేవుడు ఇశ్రాయేలీయులకు ఇచ్చిన ఒక పొలము కట్టడ ఈ రెండు వచనములలో ఉన్నది. ఆరు సంవత్సరములు దున్నుకొని, విత్తుకొని, పంట ఇంటికి తెచ్చుకొనవచ్చును. ఏడవ సంవత్సరమున పొలమును బీడు విడువవలెను. అప్పుడు దానంతట అది మొలిచినది ఎవరికి? మొదట బీదలకు. వారు తినగా మిగిలినది అడవి మృగములకు. ద్రాక్షతోటకును ఒలీవ తోటకును అదే నియమము.

బీదల భాగమును గూర్చి మన సంఘములలో ఎన్నో ప్రసంగములు విన్నాము. ఆ వెంటనే వచ్చు అడవి మృగముల మాట దగ్గర ఆగుట మాత్రము అరుదు. అది ఏదో మాటవరుసకు చెప్పినది కాదు. లేవీయకాండము 25:6, 7 లో దేవుడు మరల అదే చెప్పెను. యజమానుడు, దాసుడు, కూలివాడు, పరదేశి, పశువు, ఇవన్నియు అయిన తరువాత దేశములోని మృగములకును ఆహారము ఉండవలెనని అక్కడ వ్రాయబడియున్నది. పట్టాలో మన పేరు ఒక్కటే ఉండవచ్చును. దేవుని ధర్మశాస్త్రములో మాత్రము ఆ పొలము మీద బీదవాని పేరును, అడవి మృగము పేరును కూడ ఉన్నవి.

తేని జిల్లాలో కాపురమున్న మనకు ఈ వాక్యము దూరపు మాట కాదు. పడమట కొండలు, దక్షిణమున మేఘమలై, నడుమ కంబం లోయ. మన పొలముల గట్టు ముగిసిన చోట చాలా ఊళ్లలో అడవి మొదలగును. కాబట్టి ఈ వాక్యమును నాలుగు విషయములుగా ధ్యానింతము.

1. భాగము నియమించినవాడు దేవుడే

భూమిని ఏలుమని దేవుడు మనుష్యునితో చెప్పెను గదా, మృగములకు భాగమేమిటని కొందరు అడుగుదురు. ఆదికాండము రెండవ అధ్యాయము 15వ వచనము చదివినయెడల ఆ ఏలుబడి ఎట్టిదో తెలియును. ఆదామునకు ఇచ్చిన పని రెండు విధములు: తోటను సాగుచేయుట, తోటకు కావలి యుండుట. సాగు ఒక్కటే చేసి కావలి మానినవాడు సగము పనివాడే.

జలప్రళయము తరువాత దేవుడు నోవహు కుటుంబముతో మాత్రమే నిబంధన చేయలేదు. ఓడలోనుండి దిగిన ప్రతి జీవితోను చేసెను (ఆదికాండము 9:9, 10). నీనెవె పట్టణమును ఎందుకు కనికరించెనో యోనాకు చెప్పునప్పుడు అక్కడి పశువులను కూడ లెక్కలో చేర్చెను (యోనా 4:11). గూటిలో తల్లిపక్షి పిల్లలమీదనో గుడ్లమీదనో కూర్చుండియున్నయెడల తల్లిని పట్టుకొనకూడదని ఆజ్ఞాపించి, ఆ చిన్న ఆజ్ఞకు దీర్ఘాయువును వాగ్దానము చేసెను (ద్వితీయోపదేశకాండము 22:6, 7). 104వ కీర్తన చూడుడి. రాత్రివేళ మృగములు ఆహారము వెదకుకొనును, సూర్యోదయమున అవి తమ గుహలకు పోగా మనుష్యుడు పనికి బయలుదేరును. ఒకే నేలమీద రెండు పాళీలు. బడిలో కాలపట్టిక వ్రాసినట్లు దేవుడే ఆ వేళలను పంచెను.

లేవీయకాండము 25:23 లో మరియొక మాట యున్నది. భూమి దేవునిది, ఆయన ప్రజలు దానిమీద అతిథులు, పరవాసులు. ఈ మాట మనకు తెలిసినంతగా ఎవరికి తెలియును? విజయనగర కాలము మొదలుకొని ఈ లోయకు తెలుగువారు వచ్చుచునే యున్నారు. ఉద్యోగములకు, వ్యాపారములకు తరువాత వచ్చినవారు వేరు. ఎప్పుడు వచ్చినను, చోటు ఇచ్చినవారు ఉన్నందుననే మనము నిలిచితిమి. చోటు పొందినవాడు చోటు ఇయ్య నేర్చుకొనవలెను.

2. ఆ భాగములోనుండియే మన నీరు

తెలుగు బాప్టిస్టులమైన మనకు 1876-78 నాటి మహా కరువు తెలిసినదే. ఆ దినములలో మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించెను. 1878 జూలై 3వ తేదీన ఒంగోలు ప్రాంతమున గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ చరిత్ర మన పిల్లలకు ఆదివారపు బడిలో చెప్పుదుము.

అదే కరువు మదుర సీమను కూడ బాధించెను. పశ్చిమమునకు పోవు పెరియారు నీటిని తూర్పునకు మళ్లింపవలెనను పాత ఆలోచనకు ఆ కరువే తిరిగి ప్రాణము పోసెను. 1887లో పని ఆరంభమై, పెన్నిక్విక్ దొరగారి చేతిమీద 1895లో ఆనకట్ట పూర్తియాయెను. కొండను తొలిచిన సొరంగము గుండ ఆ నీరు మన లోయకు దిగి వైగైలో కలియుచున్నది. కంబం లోయలో 14,707 ఎకరములు రెండు కార్లు పండుట ఆ నీటి వలననే. ఒకే కరువులోనుండి దేవుడు అక్కడ సంఘమును, ఇక్కడ నీటిని లేపెను.

ఆ నీరు ఆనకట్టలో పుట్టలేదు. గోడ నీటిని ఆపును గాని వానను పట్టి ఉంచలేదు. పట్టి ఉంచునది పైనున్న అడవి. కొండమీది పచ్చికయు దట్టమైన చెట్లును వానను, మంచును పీల్చుకొని నెలల తరబడి ఊటలుగా విడుచును. వైగై కూడ వరుసనాడు కొండలలోనుండియే పుట్టుచున్నది. ఆ అడవిని నాటినవారెవరు? ఏనుగు ఒకచోట తిన్న పండు గింజను దూరమున మరియొకచోట పేడలో విడుచును. పెద్ద ముక్కు పక్షి కొమ్మ కొమ్మకు గింజలు మోయును. గబ్బిలము రాత్రి పాళీలో ఆ పనియే చేయును.

గబ్బిలమన్నందున ఒక సంగతి చెప్పవలెను. 1948లో మన మేఘమలై కొండలలో ఒక పండ్ల గబ్బిలమును పట్టి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చేర్చిరి. వేరొక జాతి పేరు చీటీ అంటించి దానిని భద్రపరచిరి. 1972లో ఒక శాస్త్రజ్ఞుడు పరీక్షించి, లోకమునకు అంతవరకు తెలియని జాతి అని గుర్తించి, సలీం అలీగారి పేరు దానికి పెట్టెను. ఇరువదినాలుగు సంవత్సరములు మనుష్యులు దానిని ఎరుగలేదు. దాని సృష్టికర్త ఎరుగును. అంతకాలమును దానికి ఆహారము పెట్టుచునే యుండెను.

ప్రభుత్వము మేఘమలైని 2009లో అభయారణ్యముగాను, 2021లో శ్రీవిల్లిపుత్తూరు మేఘమలై పులుల అభయారణ్యముగాను ప్రకటించినది. అది పులికి చేసిన ఉపకారమని తలంచకుడి. పులి నిలిచిన అడవి నిలుచును, అడవి నిలిచిన ఊట నిలుచును, ఊట నిలిచిన మన కుండ నిండును.

3. ఆ భాగమును ఎవరు చెల్లించుచున్నారు?

ఇప్పుడు కష్టమైన మాటకు వచ్చితిమి. వాతావరణము మారుచున్నదని ఇక చదివి తెలిసికొన నక్కరలేదు. 2016లో తమిళనాడులో ఈశాన్య ఋతుపవనముల వాన నూటికి 62 వంతులు తక్కువ పడెను. 2024 సంవత్సరము లోకమంతటను లెక్కలు వ్రాసినప్పటినుండి మిక్కిలి వేడియైన సంవత్సరము. ఆ వేసవిలో ఇడుక్కి కొండలమీద ఏలకుల తోటలు ఎండిపోయెను. మన లోయనుండి తెల్లవారుజామున జీపులలో ఆ తోటలకు పోవు కూలివారికి పని తగ్గెను. మనుష్యులకు నీరు తగ్గిన వేసవిలో మృగములకు మాత్రము నీరుండునా? అవి దిగి వచ్చును.

2023లో అరికొంబన్ అను ఏనుగు కథ అందరికి జ్ఞాపకమే. మలయాళములో అరి అనగా బియ్యము. బియ్యము కొరకు ఇళ్లు, అంగళ్లు పగులగొట్టుటచేత దానికి ఆ పేరు వచ్చెను. అది తిరుగు చిన్నక్కనాల్ ప్రాంతమునందే భూమిలేని పేద కుటుంబములకు ప్రభుత్వము స్థలములిచ్చియుండెను. ఏప్రిల్ 29న దానిని పట్టి పెరియారు అడవిలో విడిచిరి. మే 27న అది కంబం వీధులలోనికి వచ్చెను. గాయపడిన ఒక మనుష్యుడు ప్రాణము విడిచెను. జూన్ 5న దానిని మరల పట్టి తిరునెల్వేలి వైపు కొండలకు చేర్చిరి. చోటులేని పేదవాడు ఒకవైపు, చోటు పోయిన ఏనుగు ఒకవైపు. మన మూలవాక్యములో దేవుడు పేర్కొనినది సరిగా ఈ ఇద్దరినే.

ఏనుగు ఎప్పుడో వచ్చును. అడవిపంది రాత్రి రాత్రి వచ్చును. వేరుశెనగ, మొక్కజొన్న, అరటి పిలకలు ఒక్క రాత్రిలో త్రవ్విపోవును. అప్పు తెచ్చి విత్తిన రైతు ప్రొద్దుననే గట్టుమీద నిలుచుండి చూచునప్పుడు, అడవి మృగముల భాగమును గూర్చి ఆయనతో ప్రసంగించుట సులభము కాదు. అందుచేతనే కొందరు ఇంటి కరెంటును నేరుగా కంచె తీగకు తగిలించుచున్నారు. ఈ పని మనవారిలో ఎవరు చేసినను పాపమని స్పష్టముగా చెప్పవలెను. ఆ తీగ పందిని, చిరుతను, ఏనుగును, నీరు కట్టుటకు చీకటిలో వచ్చిన పొరుగువానిని ఏరి చూడదు. గోతిని త్రవ్వి కప్పకుండ విడిచినవాడు అందులో పడి చచ్చిన ఎద్దుకు నష్టము చెల్లించవలెనని నిర్గమకాండము 21:33, 34 చెప్పుచున్నది. మిద్దెకు పిట్టగోడ కట్టనివాని ఇంటిమీదికి రక్తదోషము వచ్చునని ద్వితీయోపదేశకాండము 22:8 చెప్పుచున్నది. కరెంటు తీగ మూతలేని గొయ్యియే.

అయితే ఆ రైతును గద్దించి మనము ఇంటికి పోయి నిద్రించినయెడల మన పాపమేమి? ధర్మశాస్త్రము ప్రకారము మృగముల భాగమును ఇశ్రాయేలీయులందరు తమ తమ పొలములలో విడిచిరి. నేడు అడవి నీరు తేని మొదలుకొని మదుర దాటి రామనాథపురము వరకు పోవుచున్నది. ఆ నీటికి మారుగా మృగముల భాగమును చెల్లించువాడు మాత్రము కొండ అంచున రెండెకరములున్న రైతు ఒక్కడే. పట్టణములో కుళాయి త్రిప్పుకొను మనము ఆ లెక్కలో మన వంతు ఏమియు వేయలేదు. ఒకని భారము ఒకడు భరింపవలెనని పౌలు గలతీయులకు వ్రాసిన మాట (6:2) ఇక్కడ ఆత్మసంబంధమైనది మాత్రమే కాదు, వేరుశెనగకాయల లెక్క కూడ.

4. మనము చేయదగినది

మొదటిది, కోత పండుగ. దేవునికి అర్పించిన ధాన్యము, కూరగాయలు, కోళ్లు మందిరములో వేలము వేయగా వచ్చిన ధనములో ఒక వంతు, మృగములవలన పంట పోయిన కుటుంబమునకు ప్రత్యేకింపవలెనని మా మనవి. ఆ రైతు మన సంఘస్థుడైనను కాకపోయినను ఇయ్యవలెను. అడవి శాఖ ఇచ్చు నష్టపరిహారమునకు అర్జీ వ్రాయుట తెలియనివారికి మన యౌవనస్థులు వ్రాసిపెట్టవలెను. ఆ సహాయము పొందిన చేయి కరెంటు తీగ పట్టుకొనదు.

రెండవది, కంచె. సౌరశక్తితో చిన్న దెబ్బ మాత్రము తగులు కంచెలు ఉన్నవి. వాటిని అడవి శాఖయొద్ద నమోదు చేయవలెనని తమిళనాడు ప్రభుత్వము 2023లో నియమములు చేసినది. ఖాదీ గ్రామోద్యోగ సంస్థవారు 2021లో కొడగులో ఏనుగుల దారికి అడ్డముగా తేనెపెట్టెలు వరుసగా పెట్టించిరి. ఏనుగు తేనెటీగకు జంకును. తేని అను పేరుగల ఊరివారికి తేనెపెట్టె పరాయిది కానేరదు.

మూడవది, నిప్పు. 2018 మార్చి 11న బోడి పైనున్న కురంగణి కొండలో ఎండుగడ్డి అంటుకొని, నడిచి వచ్చిన యాత్రికులలో ఇరువది మందికి పైగా మరణించిరి. ఫిబ్రవరి మొదలు వానలు పడువరకు కొండ అంచున చెత్త కాల్చుట, వనభోజనమునకు పోయి పొయ్యి ఆర్పక వచ్చుట మానవలెను.

నాలుగవది, మన విందులు. పెండ్లి విందులోను క్రిస్మసు ప్రేమవిందులోను అరటి ఆకు ఉండగా ప్లాస్టిక్ ఆకు ఎందుకు? ఆ చెత్త ఊరి చివర పడును. దానికొరకే పందులు దిగును. ఆ సంచులే జింకల కడుపులో చేరును. మందిరమునకు వచ్చునప్పుడు బైబిలుతోపాటు ఒక గుడ్డ సంచి చేతనుండుట మంచిది. మందిరపు మిద్దెమీద పడు వాననీరు నేలలోనికి దిగునట్లు గుంట త్రవ్వింపవలెను. జీపులో పదిమంది పోగల దారికి పది మోటారు సైకిళ్లు ఎందుకు?

శివగంగ జిల్లాలో వేట్టంగుడి పక్షుల చెరువు దగ్గర కొల్లుకుడిపట్టి అను ఊరున్నది. చెరువులో గూడుకట్టిన పక్షులు బెదరునని అక్కడివారు ఎన్నో యేండ్లుగా దీపావళికి టపాకాయలు కాల్చరు. ధర్మశాస్త్రములోని తల్లిపక్షి ఆజ్ఞను వారు చదివియుండరు, అయినను గైకొనుచున్నారు. చదివిన మనము క్రిస్మసు రాత్రి, క్రొత్త సంవత్సరపు రాత్రి ఏమి చేయుచున్నాము? రక్షకుడు పుట్టినప్పుడు ఆయనను పరుండబెట్టినది పశువుల తొట్టిలోనే గదా.

ప్రియులారా, ఏడు సంవత్సరములకొకసారి పొలమును విడుచుట ఇశ్రాయేలీయులకు నష్టముగా కనబడియుండును. విడిచినవాడు, పొలము పండించునది తన చేయి మాత్రమే కాదని ఒప్పుకొనెను. ఆ విశ్వాసమే నేడు మననుండి అడుగబడుచున్నది. రాబోవు కోత పండుగలో మృగముల భాగమును వేరుగా ఎత్తిపెట్టి, ఆ వాడుకను మన సమాజములోని ప్రతి సంఘము ఆరంభించును గాక.

ప్రార్థింతము: భూమ్యాకాశములను కలుగజేసిన తండ్రీ, కొండ అంచున కావలియున్న రైతును, కొండమీద ఆకలిగొన్న మృగమును నీవు ఎరుగుదువు. ఆ ఇద్దరి నడుమ మరణపు తీగ కట్టక, మా వంతు మేము వేయునట్లు మాకు మనస్సు నిమ్ము. తగిన కాలమందు వాన కురిపించుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.