కాయము సహకరింపనినాడు

కాయకమే కైలాసమని మన పెద్దలు తరతరములుగా చెప్పుచున్నారు. మరి చేతులాడని వానికి కైలాసమెక్కడ? గ్రంథములు చదువునపుడు నాకీ ప్రశ్న తట్టలేదు. పాఠశాలలో తట్టినది.

శ్రీకూర్మములో నాతో పనిచేయు ఉపాధ్యాయులొకరు కొన్ని నెలలపాటు నల్లబల్లమీద వ్రాయుట మానివేసిరి. బల్లను ఊతగొని కుర్చీనుండి లేచువారు; మెట్లెక్కుచు సగములో ఆగిపోవువారు. జ్వరము లేదు, ముఖమున రోగచిహ్నమేమియు లేదు. "కాయకం గూర్చి పిల్లలకు చెప్పే మనమే ఇలా బద్ధకిస్తే ఎలా మాస్టారూ?" అని పదిమందిలో అంటిని. ఆయన బదులు చెప్పక గోడ పట్టుకొని మెట్లు దిగిపోయిరి. పిమ్మట విశాఖపట్నమున పరీక్షలు చేసి, మయోసైటిస్ అని తేల్చిరి.

రోగక్రిములనుండి దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి సొంత కండరములపై దాడిచేయుట ఈ వ్యాధి స్వభావము. కావలివాడే ఇంటివారిని కొట్టినట్లన్నమాట. సాధారణముగా భుజములు, తుంటి, తొడల కండరములు ముందుగా బలహీనమగును. తల దువ్వుకొనుట, నేలమీదనుండి లేచుట కష్టమగును. ఇది అంటువ్యాధి కాదు. స్టెరాయిడ్లు మొదలగు మందులతోను, వైద్యులు చెప్పిన వ్యాయామముతోను చాలమందికి ఉపశమనము కలుగును గాని, ఏళ్లతరబడి దీనితో కాపురము చేయవలసివచ్చును. పూర్వజన్మ పాపమని పలుకువారు రోగిపై రెండవ రోగమును మోపుచున్నారు.

2022 అక్టోబరులో చలనచిత్ర నటి సమంత తనకు ఈ వ్యాధి కలదని స్వయముగా వెల్లడించిరి. చేతికి సెలైన్ గొట్టముతో డబ్బింగు గదిలో కూర్చున్న ఆమె ఛాయాచిత్రమును చూచి అందరును పట్టుదలను మెచ్చుకొనిరి. మరుసటి యేడు ఆమె నటనకు విరామమిచ్చిరి. నాకు మాత్రము ఆ విరామమే ఎక్కువ ధైర్యముగా తోచినది. ఓపిక లేకున్నను పనిచేయువారినే మనము పొగడుచుండిన, చేయలేనివారు తలయెత్తుకొనుటెట్లు?

అట్లని నిస్సత్తువను వైరాగ్యమని పొగడుటయు తప్పే. మా ఊరి ఆలయమున పెంచు తాబేళ్లను చూచినపుడెల్ల పండితులు ఇంద్రియనిగ్రహమును తలంతురు. తాబేలు తన యవయవములను తానే ముడుచుకొనును, తానే చాపును. మా మాస్టారి అవయవములు ఆయన యనుమతి అడుగలేదు.

ఆయ్దక్కి మారయ్య శరణుడు రాలిన బియ్యపుగింజలేరి దాసోహము నడుపుచుండెను. ఒకనాడు అధికముగా తెచ్చినందులకు భార్య లక్కమ్మ మందలించి, మిగులును తిరిగి పంపినదని కథ. దీనిని ఆశకు విరుగుడుగా బోధింతుము. కాయకమునకు ఎక్కువ తక్కువల కొలత లేదని కూడ ఇందున్నదని నాకిప్పుడు తోచుచున్నది. పిడికెడైనను ఏరలేని దినము సంగతి యేమి? దాసోహమునకు ఇచ్చు చేయి యొకటే చాలదు. పుచ్చుకొను చేయియు కావలెను. పుచ్చుకొనుట సులభమనువారు ఒకనాడు పరులచేత తల దువ్వించుకొని చూడవలెను.

ఇప్పుడు మా మాస్టారు కూర్చుండియే పాఠము చెప్పుదురు. నల్లబల్లమీద ఒక విద్యార్థి వ్రాయును. ఆనాటి మాటకు క్షమింపుమని నేనడిగితిని. "మెట్లెక్కేటప్పుడు భుజమివ్వండి మాస్టారూ, చాలు" అనిరి.