ముదిమి, గౌరవం, పితృఋణం

గోదావరి తీరాన వేదాధ్యయనానికి పేరొందిన మంథనిలో, తల్లిదండ్రులను దైవాలుగా భావించమని శిష్యుణ్ణి ఆదేశించే తైత్తిరీయోపనిషత్తు సుపరిచితమే కాని, ఆ దైవభావం ఒకే ఇంట బతికే ముదుసలి పట్ల నిత్యం ఏ రూపం దాల్చాలన్నది ఇంకా తేలవలసిన ధర్మప్రశ్న. చైనాలో ‘షియావ్’ అనే పితృభక్తిని వివరిస్తూ కన్ఫ్యూషియస్, గౌరవం లేకుండా తిండి మాత్రమే పెట్టడం పశువులను మేపడానికి భిన్నం కాదన్నాడు. ఈ మాట కఠినమైనా నిజం. వైదిక సంప్రదాయంలో పితృఋణం, అంటే పూర్వులకు తీర్చవలసిన బాకీ, సంతానంతోను శ్రాద్ధకర్మతోను తీరుతుందంటారు. అయితే బతికుండగా పలకరింపుకు నోచుకోని తండ్రికి మరణానంతరం పెట్టే పిండం ఆ లోటును పూడ్చలేదు. భారతదేశంలో 2007 నాటి చట్టం వృద్ధుల పోషణను పిల్లల బాధ్యతగా చేసింది. చైనాలో 2013లో అమలులోకి వచ్చిన చట్టం, వేరుగా ఉండే పిల్లలు తరచు వచ్చి చూడాలన్నది. కలిసి ఉండే ఇళ్లలోనైనా, ప్రతి నిర్ణయానికి ముందు పెద్దల అభిప్రాయం అడగడం పిల్లలు నేడే మొదలుపెట్టాలి.