చోక్ ఎప్పుడు తీయాలి?

చోక్ అంటే ఏమిటో ఒకప్పుడు కారు లేనివాళ్ళకు చెప్పవలసి వచ్చేది. ఇప్పుడు కారున్నవాళ్ళకే చెప్పవలసి వస్తోంది. చల్లటి ఇంజన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. అందుకని కార్బురేటర్ గొంతులో ఒక రేకు మూసి, గాలి తగ్గించి, పెట్రోలు పాలు పెంచుతారు. ఇంజన్ వేడెక్కాక ఆ రేకు తెరవాలి. తెరవకపోతే నల్లటి పొగ, ప్లగ్గులకు మసి. తొందరపడి తెరిస్తే బండి దగ్గి దగ్గి ఆగిపోతుంది. అంబాసిడర్‌లో ఈ బాధ్యత డ్రైవరుదే. గుబ్బ లాగి స్టార్ట్ చేసి, ఇంజన్ చప్పుడు వింటూ మెల్లగా లోపలికి నెట్టేవాళ్ళం.

ఎలక్ట్రిక్ చోక్‌లో ఆ పని ఒక స్ప్రింగుది. రెండు లోహాలు అతికించిన చుట్ట. కరెంటు పారితే వేడెక్కి, మెలి తిరిగి రేకు తెరుస్తుంది. తమాషా ఏమిటంటే, దానికి ఇంజన్ సంగతి పెద్దగా తెలీదు. కరెంటు ఎంతసేపటి నుంచి వస్తోందో అంతవరకే తెలుసు. కనుక దాన్ని ఏ వైరుకు కలిపామన్నదే అసలు ప్రశ్న.

మిషిగన్‌లో ఉన్న మా మేనల్లుడు 1970ల నాటి ఫోర్డు కారొకటి కొని, చోక్ వైరు పట్టుకుని ఫోను చేశాడు.

"మావయ్యా, నేరుగా బ్యాటరీకే కలిపేస్తే?"

"కారు పడుకున్నా అది మేలుకునే ఉంటుందిరా. పొద్దున్నకి బ్యాటరీ ఖాళీ."

"పోనీ, ఇగ్నిషన్ కాయిల్‌కి?"

అదీ వద్దన్నాను. చాలా పాత కార్లలో కాయిల్‌కు వెళ్ళే దారిలో ఒక రెసిస్టరు వోల్టేజిని తగ్గిస్తుంది. అక్కడ చోక్ కూడా చెయ్యి చాపితే ఇద్దరికీ అర్ధాకలే. 12 వోల్టుల చోక్ అయితే ఇగ్నిషన్ స్విచ్ నుంచి ఇస్తారు. కానీ తాళం తిప్పి, స్టార్ట్ చెయ్యకుండా కబుర్లలో పడ్డామా, ఇంజన్ చల్లగా ఉండగానే చోక్ తెరుచుకుంటుంది. ఆ రోజుల్లో ఫోర్డువాళ్ళు వైరుని ఆల్టర్నేటరు స్టేటరు నుంచి తెచ్చేవారు. అక్కడ వచ్చేది 7 వోల్టులే, చోక్ కూడా దానికి తగ్గదే ఉండాలి. ఇంజన్ తిరిగితేనే అందులో కరెంటు.

ఆ వైరు దగ్గర నా మనసు ఆగిపోయింది. చోక్ అంటే సాయం కదా! ఆ వైరు సాయం చేసేది కాదు, చేస్తున్న సాయాన్ని వెనక్కి తీసుకునేది. చల్లగా ఉన్నవాడికి సాయం దొరకడానికి సాక్ష్యం అక్కర్లేదు. మానడానికే కావాలి. మన పద్ధతి దీనికి తలకిందులు. ఇచ్చేముందు వంద ప్రశ్నలు, మానడానికి ఒక్క మాట చాలు. చదువైన కుర్రాడు "ఇక నా కాళ్ళ మీద నేను నిలబడతాను నాన్నా" అంటే ఆ నెలనుంచే డబ్బు పంపడం బందు. వాడు తాళం తిప్పాడు, నిజమే. సంకల్పం చెప్పుకుంటే పూజ అయిపోయినట్టా?

"వాడు ఎన్నాళ్ళకీ స్టార్ట్ కాకపోతేనో?" అంది మా ఆవిడ. సబబైన ప్రశ్నే. ముప్పై ఏళ్ళొచ్చినా చోక్ మీదే నడుస్తున్న పుత్రరత్నాలు మా వీధిలోనే ఇద్దరున్నారు. వాళ్ళకు పట్టిన మసి తల్లిదండ్రుల ప్రేమదే. అయినా నా ఓటు ఆ స్టేటరు వైరుకే.

చావింట్లో మనం చూసేది రోజుల లెక్క. పదమూడో రోజు భోజనాలయ్యాయంటే చుట్టాలందరికీ బస్సులూ రైళ్ళూ గుర్తొస్తాయి. ఆ ఇల్లాలు అప్పటికి వేడెక్కిందో లేదో ఎవరు విన్నారు?

మా పక్కింటాయన పోయినప్పుడు, పదమూడో రోజు దాటాక కూడా మా ఆవిడ రోజూ పొద్దున్నే వాళ్ళింటికి కాఫీ ఫ్లాస్కు పంపుతూనే ఉంది. "ఎన్నాళ్ళు పంపుతావ్?" అని అడిగితే "చూద్దాం" అనేది. మూడో నెలలో ఒకనాడు ఆ ఫ్లాస్కు కడిగి, తోడుగా ఒక గిన్నెలో గోంగూర పచ్చడి పెట్టి పంపింది ఆవిడ. ఉప్పు కొంచెం ఎక్కువైంది. మా ఆవిడ రుచి చూసి, ఫ్లాస్కు తుడిచి అటక మీద పెట్టేసింది.