వెలగని దీపానికి వెల

వాడుకున్నదానికి డబ్బు కట్టమంటే మాలో ఎవరికీ తప్పనిపించదు. సంతలో ఉప్పు కొంటే ఉప్పుకే ఇస్తాం. కొట్టు తెరిచి ఉంచినందుకు విడిగా పది రూపాయలు పెట్టమని ఏ షావుకారూ అడగడు. (షావుకారు మిగతా లెక్కలు వేరే సంగతి.) కరెంటు బిల్లులో మాత్రం రెండు లెక్కలుంటాయి. ఒకటి కాల్చిన యూనిట్లకు. రెండోది కాల్చినా కాల్చకపోయినా నెలనెలా పడేది. ఇంటికి తాళం వేసి మిరపకోతకు దిగువకు వెళ్ళిపోయినా అది ఆగదు. తిరిగొచ్చేసరికి తలుపు సందులో బిల్లులు ఉంటాయి. చీకట్లో ఉన్న ఇల్లు దేనికి బాకీ పడిందో ఇంటి పెద్దకు మేం చెప్పలేకపోతున్నాం.

అవతలివాళ్ళ మాటా వినాలి. కొండమీద పదిహేను ఇళ్ళ గూడేనికి తీగ రావాలంటే ఎన్ని స్తంభాలు పాతాలి! గాలివానకు చెట్టు కూలి తీగ తెగితే లైన్‌మేన్ బురదలో నడిచి ఎక్కి రావాలి. మనం ఆ నెల బల్బు వేశామా లేదా అన్నదానితో ఆ ఖర్చుకు పని లేదు. ఎవరో ఒకరు భరించాల్సిందే. ఇది అబద్ధం కాదు. ఎవరు, ఏ కొలతతో అన్నదగ్గరే మా పేచీ.

ఐదో తరగతి పిల్లలతో ఈ లెక్క చేయించాం. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23లో వచ్చిన ధరల ప్రకారం ఇళ్ళకు మొదటి 30 యూనిట్లు ఒక్కోటి 1.90 రూపాయలు, అక్కడినుంచి 75 దాకా 3 రూపాయలు. ఒక కిలోవాట్ లోడుకు నెలకు 10 రూపాయల ఫిక్స్‌డ్ చార్జీ. మిగతా పద్దులు పక్కన పెట్టాం. నెలకు 5 యూనిట్లు కాల్చిన ముసలమ్మ ఇంటికి 19.50 వచ్చింది, అంటే యూనిట్ 3.90 పడింది. టీవీ, ఫ్యాన్లు ఉండి 75 యూనిట్లు కాల్చిన ఇంటికి 202 వచ్చింది. యూనిట్ సుమారు 2.69. తక్కువ వాడేవారికి తక్కువ ధర అని స్లాబులు పెట్టారు కదా, మరి ముసలమ్మకు ఎక్కువ ఎలా పడిందని ఒక పిల్ల అడిగింది. పది రూపాయలే కదా అని పెద్దవాళ్ళం అంటాం. ఆ పిల్ల పది రూపాయల గురించి అడగలేదు.

ఇంటికింత అన్న పద్ధతి మాకు కొత్తేమీ కాదు. ఇటుకల పండుగకు ప్రతి ఇంటినుంచీ బియ్యం తీస్తాం. కాలువ పూడిక తీయడానికి ఇంటికొక మనిషి రావాలి. ఇదీ ఫిక్స్‌డ్ చార్జీయే అనొచ్చు. కానీ బియ్యం అడగడానికి వెళ్ళేవాడికి ఎవరి ఇంట్లో కుండ ఖాళీగా ఉందో తెలుసు. మగదిక్కు లేని ఇంటిముందు ఆగకుండా నడిచిపోతాడు. ఆ ఇంటి పిల్లలూ పండుగలో అందరితో కలిసి తింటారు, ఎవరూ లెక్క తీయరు. బిల్లు కొట్టే మిషన్‌కు అలా నడిచిపోవడం చేతకాదు. చేతకానప్పుడు కనీసం కొలతైనా వాడకాన్నిబట్టి ఉండాలి.

ఎస్టీ ఇళ్ళకు 200 యూనిట్ల వరకు ఉచితమన్న పథకం ఉంది కదా, ఇంకా ఈ గోలెందుకు అంటారు. ఉంది, ఎన్నో ఇళ్ళలో దానివల్లే దీపం వెలుగుతోంది. అయితే దానికి కాగితాలు కావాలి. మీటరు చనిపోయిన తాత పేరున ఉంటుంది. కులం సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. అది సరిచేయించుకోవడానికి రెండుసార్లు కూలి పోగొట్టుకుని మండలానికి వెళ్ళాలి. వాడని నెలకు ఏమీ పడని ధర ఉంటే ఏ కాగితమూ అక్కర్లేదు. మీటరు తిరగలేదు, అంతే.

చిక్కు లేకపోలేదు. ఫిక్స్‌డ్ చార్జీ తీసేసి ఆ మొత్తాన్ని యూనిట్ ధరలో కలిపితే, ఒకే మీటరు కింద మూడు పొయ్యిలున్న ఉమ్మడి ఇల్లు నష్టపోతుంది. జబ్బు మనిషికి రాత్రంతా ఫ్యాన్ తిరగాల్సిన ఇల్లూ అంతే. బ్రిటన్‌లో ఈ చార్జీని రోజు లెక్కన వేస్తారు. అది లేని ధరలు కూడా ఇవ్వాలని అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ 2024లో ప్రతిపాదించింది. జబ్బువల్ల ఎక్కువ వాడక తప్పనివాళ్ళ సంగతేమిటన్న ప్రశ్న అక్కడా ఉంది. అందుకే మేం అందరికీ తీసేయమనడం లేదు. మొదటి 30 యూనిట్లు దాటని ఇంటికి తీసేయాలి. ఆ భారం పై స్లాబులవాళ్ళు మోయాలి.

పైవాళ్ళు ఎందుకు మోయాలంటే ఒక మాట. మాచ్‌ఖండ్ 1955నుంచి కరెంటు ఇస్తోంది. సీలేరు నదిమీద ఎగువ సీలేరు 240, దిగువ సీలేరు 460 మెగావాట్లవి. మాచ్‌ఖండ్ జలాశయం కింద ఆదివాసీ ఊళ్ళు మునిగాయి. ఆ కరెంటు మైదానానికి ముందు చేరింది, దాని ఒడ్డునున్న కొండలకు ఎన్నో ఏళ్ళ తర్వాత వచ్చింది. తీగ మా ఇంటిదాకా నిలిచి ఉన్నందుకు మేం నెలనెలా కట్టాలంటే, ఆనకట్ట మా నేలమీద నిలిచి ఉన్నందుకు ఎవరు ఎవరికి కట్టాలి? ఈ లెక్క వేసే పద్దు ఏ బిల్లులోనూ లేదు.

ధరలు ఖరారు చేసే ముందు విద్యుత్ నియంత్రణ మండలి ఏటా ప్రజాభిప్రాయం వింటుంది, రాతపూర్వక అభ్యంతరాలూ తీసుకుంటుంది. ఈసారి మా గూడేలనుంచి కూడా రాసి పంపుతున్నాం. పిల్లలు చేసిన లెక్క మొదటి పేజీలోనే ఉంటుంది.