పశ్చాత్తాపమా, సిగ్గా?

మార్ట్ క్రౌలీ నాటకం 'ద బాయ్స్ ఇన్ ద బ్యాండ్' 1968 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో రంగస్థలమెక్కింది. అప్పటికి ఆ రాష్ట్రంలో స్వలింగ సంపర్కం నేరం. అమెరికా మనోవైద్యుల సంఘం స్వలింగ ప్రేమను రోగాల జాబితాలోంచి తొలగించింది 1973లో.

కథంతా స్వలింగ ప్రేమికులైన మిత్రులు కలిసిన ఒక పుట్టినరోజు విందు. ఇంటాయన మైకేల్ క్యాథలిక్కు. తాగిన మైకంలో అతిథుల చేత ఓ ఆట ఆడిస్తాడు: నిజంగా ప్రేమించిన మనిషికి ఫోన్ చేసి ఆ మాట చెప్పాలి, చెబితే పాయింట్లు. అందరినీ గాయపరిచి, తానే కుప్పకూలి, చివరికి అర్ధరాత్రి పూజకు చర్చికి బయల్దేరతాడు.

చిక్కంతా ఇక్కడే. అతడు కుమిలేది మిత్రుల్ని హింసించినందుకా, తాను తానైనందుకా? మొదటిది పశ్చాత్తాపం, చేసిన పనికి సంబంధించింది. రెండోది లోకం అంటగట్టిన సిగ్గు. దానికి పాపవిమోచనం ఏ గురువు ఇవ్వగలడు? ఈ రెంటినీ విడదీసుకునే వీలు మైకేల్‌కు లేదు. ఆ కాలపు క్రూరత్వం స్వలింగ ప్రేమికుల బార్లపై పోలీసు దాడుల్లోకన్నా ఇందులోనే ఎక్కువ కనిపిస్తుంది.

1969 జూన్‌లో అలాంటి దాడికి ఎదురుతిరిగిన స్టోన్‌వాల్ తిరుగుబాటు తర్వాత ఈ నాటకం ఆత్మద్వేషం నూరిపోస్తోందని స్వలింగ ప్రేమికుల హక్కుల ఉద్యమకారులే విమర్శించారు. విమర్శలో పస లేకపోలేదు. కానీ గాయాన్ని చూపడం, గాయం చేయడం ఒకటి కావు. 2018లో బ్రాడ్వేలో దీన్ని మళ్లీ ప్రదర్శించినప్పుడు నటులందరూ తాము స్వలింగ ప్రేమికులమని బాహాటంగా చెప్పుకున్నవారే.