చివరన పరుగెత్తేవాడి సంతోషం

తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి, చుట్టుపక్కల వారిని పోగుచేసి, ఊళ్లో ఒక పరుగు బృందాన్ని నడిపే వ్యక్తిని ఎందుకీ శ్రమ అని అడిగితే, ఆరోగ్యం కోసమనో, నలుగురికీ మేలు చేయడం కోసమనో జవాబు వస్తుంది. ఈ రెండు జవాబులనూ అంత తేలిగ్గా ఒప్పుకోలేం. ఆరోగ్యమే కావాలంటే ఒంటరి పరుగు చాలు. అందుకోసం నీళ్ల డబ్బాలు మోయనక్కర్లేదు, రెండు వారాలుగా రానివారికి పేరుపేరునా ఫోను చేయనక్కర్లేదు. తోడుంటే ఒంటికి శ్రమ అంతగా తెలియదన్న మాట నిజమే. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పడవ పందేలకు సాధన చేసే 12 మందిపై జరిగి 2009లో వెలువడిన అధ్యయనంలో, ఒంటరిగా కన్నా జట్టుగా శ్రమించినప్పుడే వారికి నొప్పిని ఓర్చుకునే శక్తి ఎక్కువగా కనిపించింది. అయితే ఆ లాభం బృందంలో ఎవరికైనా దక్కుతుంది కనుక, బృందాన్ని తానే నడపాలన్న కోరికకు అది కారణం కాలేదు.

సేవ అన్న జవాబును మరింత గట్టిగా అనుమానించాలి. ఏదో పని పడి ఒక ఆదివారం రాలేకపోయిన నిర్వాహకుడికి, తాను లేకపోయినా అందరూ వేళకే వచ్చి, చక్కగా పరుగు ముగించి, ఇడ్లీలు తిని ఇళ్లకు వెళ్లారని తెలిసినప్పుడు, సంతోషంతో పాటు ఎక్కడో చివుక్కుమంటుంది. నలుగురి మేలే లక్ష్యమైతే ఆ మేలు జరిగింది కనుక చివుక్కుమనడానికి చోటే ఉండకూడదు. ఫలాపేక్ష లేని కర్మ గురించి ఎంత చదువుకున్నవాడికైనా ఆ నొప్పి మాత్రం తప్పదు; అది అక్కడున్నంతసేపూ తాను చేస్తున్నది ఎవరి కోసమన్న సందేహమూ ఉంటుంది.

హైదరాబాదులో ఇటువంటి బృందాలకు కొదవ లేదు. 2007లో హైదరాబాద్ రన్నర్స్ మొదలైన తరువాత, పరుగు క్రీడాకారులకే పరిమితమన్న అభిప్రాయం క్రమంగా సడలింది. ఏటా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్, అంటే 42.195 కిలోమీటర్ల పరుగు, దగ్గరపడేకొద్దీ నెక్లెస్ రోడ్డు మీదా కె.బి.ఆర్. పార్కు చుట్టూ గుంపులు పెరుగుతాయి. ఎవరి వేగాన్ని బట్టి వారు విడిపోతారు; అనుకున్న సమయానికి చేరేలా ఒకే వేగంతో ముందుండి నడిపించేవారిని పేసర్లంటారు. అందరి చూపూ పేసర్ మీదే ఉంటుంది కానీ, ఈ సందేహానికి సమాధానం వెతకవలసింది గుంపు చివరనే.

నిర్వాహకుడు ఒక ఆదివారం హుస్సేన్ సాగర్ పక్కన, బృందంలో కొత్తగా చేరిన యాభై ఏళ్ల గృహిణి పక్కన చివరన పరుగెత్తుతున్నాడనుకుందాం. "మీరు వెళ్లిపోండి సార్, నా వల్ల మీకు ఆలస్యమవుతోంది" అని ఆమె అంటుంది. "నాకేం తొందర లేదమ్మా, మీతోనే వస్తాను" అని ఆయన అంటాడు. ఆ మాటలో దయ ఉంది, దయ ఉందని ఆమెకు తెలుస్తుంది, తెలిసినందువల్లే ఆయన్ని త్వరగా విడిపించాలని తన శక్తికి మించి వేగం పెంచుతుంది. కొంతదూరం వెళ్లేసరికి పక్కటెముకల కింద పోటు మొదలై, చెయ్యి అదిమిపెట్టుకుని రెయిలింగు పట్టుకుని నిలబడిపోతుంది. ఆయనా ఆగి, చేతిలోని నీళ్ల సీసా అందిస్తాడు. ఆమె వద్దనలేక రెండు గుక్కలు తాగి, "రేపటి నుంచి ఇంటి దగ్గరే నడుస్తాను లెండి" అంటుంది. ఆయన చూపిన ఓర్పులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అయినా ఆ ఓర్పే ఆమెకు బరువైంది. ఎదుటివారు త్యాగం చేస్తున్నారని తెలిసిన మనిషి ఆ త్యాగానికి బాకీపడతాడు, బాకీపడిన చోటికి మళ్లీ మళ్లీ రావడం ఎవరికీ ఇష్టముండదు.

దీన్నిబట్టి చూస్తే స్వార్థం లేకపోవడమే ఇక్కడి లోపమనిపిస్తుంది. చివరన, ఆ నెమ్మది వేగంలో పరుగెత్తడం ఆయనకు నిజంగానే ఇష్టమై ఉంటే ఆమె ఎవరికీ ఏమీ బాకీపడేది కాదు. ఇష్టాన్ని నటించడం కూడా కుదరదు. పక్కపక్కన పరుగెత్తేవారికి ఒకరి ఊపిరి మరొకరికి వినిపిస్తుంది, ముందుకు దూకాలని తొందరపడే కాళ్లు అడుగడుగునా ఆ సంగతి చెప్పేస్తాయి. అలా నిజమైన ఇష్టం నుంచే పుట్టిన పని ఒకటి ఉంది. ఇంగ్లండులో పాల్ సింటన్-హ్యూవిట్ అనే ఆయన 2004 అక్టోబరు 2న లండన్‌లోని బుషీ పార్కులో 13 మందితో 5 కిలోమీటర్ల పరుగును మొదలుపెట్టినప్పుడు, గాయం వల్ల తాను పరుగెత్తలేని స్థితిలో ఉన్నాడు. పరుగెత్తే స్నేహితుల సాంగత్యం పోగొట్టుకోవడం ఇష్టం లేక ఆ ఏర్పాటు చేశాడు. తరువాత పార్క్‌రన్ పేరుతో ఎన్నో దేశాలకు విస్తరించిన ఆ పనికి మూలం ఒక మనిషి సొంత అవసరం. ఆ పరుగుల్లో అందరికన్నా వెనక రావడాన్నే బాధ్యతగా తీసుకునే కార్యకర్త ఒకరు ఉంటారు, అందువల్ల వచ్చినవారిలో ఎవరూ ఆఖరివారు కారు. ఇంత చక్కని ఏర్పాటు మరొకటి కనిపించదు.

ఇక్కడితో సందేహం తీరిపోయిందనుకుంటే పొరపాటే. చివరన ఉండటంలోని ఇష్టం, తన అవసరం ఎదుటివారికి ఉందన్న తృప్తి నుంచి పుట్టినదైతే, ఆ గృహిణి మళ్లీ వచ్చి, కొన్ని నెలల్లో వేగం పుంజుకుని ఆయన్ని దాటి ముందుకు వెళ్లిన రోజున ఆ ఇష్టం ఏమవుతుంది? తాను లేని ఆదివారం కలిగిన నొప్పే మళ్లీ కలుగుతుంది. బాకీ లేకుండా చేసిన ఇష్టం, మనసును చివుక్కుమనిపించిన అహం ఒకే వేరు నుంచి వచ్చాయని తేలినప్పుడు, ఒకదాన్ని ఉంచుకుని రెండోదాన్ని పీకేయడం సాధ్యం కాదు.

అయితే ఆ నొప్పిని అహమనడంలోనే తొందరపాటు ఉందేమో. తాను రాకపోతే ఎవరైనా గమనిస్తారా అన్న ప్రశ్న నిర్వాహకుడిదే కాదు. చివరన వచ్చే ఆమెదీ అదే, బృందంలో చేరిన ప్రతి ఒక్కరిదీ అదే. ఒంటరిగా పరుగెత్తగలిగినవారు కూడా ఆ గుంపులోకి వచ్చేది దానికి జవాబు కోసమే. నిర్వాహకుడు మాత్రం తన అవసరాన్ని సేవ వెనక దాచుకుని, అందరినీ పలకరించేవాడుగా ఉండిపోయి, తనను పలకరించే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు. తాను రాలేకపోయిన ఆదివారం సాయంత్రం "ఇవాళ మీరంతా గుర్తొచ్చారు, నేను లేకపోతే మీకేమైనా వెలితిగా అనిపించిందా" అని వాట్సాప్ గ్రూపులో రాయగలిగితే ఆయన కూడా ఆ బృందంలో సభ్యుడవుతాడు. ఇన్నాళ్లూ పరుగు వేళలూ, దూరాలూ, ఎండ జాగ్రత్తలూ మాత్రమే రాస్తూ వచ్చిన మనిషికి ఆ రెండు ముక్కలు రాయడం ఫ్లైఓవర్ ఎక్కుతూ పరుగెత్తడం కన్నా కష్టమే, అయినా రాయాలి.